ఉస్తాద్ ముందు బాగానే ఉంటుంది, రోడ్డు మీదే ఆగుతుంది!

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి పిల్లవాడి జ్వరం దిగిపోవడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. బాగానే ఉన్నాడు కదా అని తిరిగొస్తే రాత్రికి మళ్ళీ ఒళ్ళు కాలిపోతుంటుంది. కార్లకూ ఇలాంటి జబ్బు ఒకటుంది. రోడ్డు మీద ఉన్నట్టుండి ఇంజను ఆగిపోతుంది. పావుగంట గడిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే గంటసేపు తిప్పినా ఆగదు. "ఏం లేదు భాయ్, బాగానే ఉంది కదా" అంటాడతను. లేదంటే ఏదో ఒక సామాను మార్చి పంపిస్తాడు. వారం తిరక్కుండానే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

మన కుటుంబాల్లో కారు నడిపి బతికేవాళ్ళు, కార్లు బాగుచేసి బతికేవాళ్ళు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్ళో టాక్సీ తిప్పుకునేవారు, ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్నవారు, గల్ఫ్ దేశాలకు డ్రైవర్లుగా, మెకానిక్కులుగా వెళ్ళినవారు చాలా ఇళ్ళలో కనిపిస్తారు. అందుకే ఈ వచ్చిపోయే జబ్బు గురించి, దాన్ని ఎలా పట్టుకోవాలన్న దాని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం. మా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

గుంటూరు బేరం

మా అక్కయ్య భర్త, మేమంతా దూల్హాభాయ్ అని పిలిచే ఆయన, ఒంగోలులో సొంత కారును టాక్సీగా తిప్పుకుంటారు. 2014లో తయారైన పెట్రోలు బండి. 2023 మే నెలలో ఆయనకు ఒక మంచి బేరం దొరికింది. వాళ్ళ వీధిలోనే ఉండే ఒక పెద్దావిడకు గుంటూరులో కరెంటు పెట్టించాలన్నారు. రేడియేషన్ చికిత్సను మనవైపు అలాగే అంటారు కదా! వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు. పొద్దున్నే తీసుకెళ్ళాలి, మధ్యాహ్నం తీసుకురావాలి. రానూపోనూ 200 కిలోమీటర్ల పైమాటే.

మొదటి వారం ఏ ఇబ్బందీ లేదు. రెండో వారం మంగళవారం నాడు తిరిగొస్తూ మార్టూరు దాటారు. మిట్టమధ్యాహ్నం, ఎ.సి. వేసి ఉంది, బండి 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది. చిన్న దగ్గు కూడా లేకుండా ఇంజను ఆగిపోయింది. వెనకే లారీ హారన్. స్టీరింగు బిగుసుకుపోయింది. ఉన్న వేగం మీదే ఎలాగో ఎడమ అంచుకు చేర్చి, పెద్దావిడను దించి వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. ఇరవై నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టయింది. గురువారం మళ్ళీ అదే తంతు.

ఒక షెడ్డులో పెట్రోలు పంపు మార్చారు. ఇంకో షెడ్డులో ప్లగ్గులు, కాయిల్ మార్చారు. మూడోచోట స్కానర్ పెట్టి చూసి, "క్రాంక్ సెన్సర్ కోడ్ వచ్చింది" అంటూ సెన్సర్ మార్చి, కోడ్ చెరిపేసి పంపారు. అన్నీ కలిపి రూ. 22,000 అయ్యాయి. సెన్సర్ మార్చాక మూడు రోజులు బండి చక్కగా నడిచింది. ఆ మూడు రోజులూ ఆకాశం మబ్బు పట్టి ఉంది. నాలుగోనాడు ఎండ కాసింది. చిలకలూరిపేట దగ్గర బండి మళ్ళీ ఆగింది.

పెద్దావిడ కొడుకు నిష్ఠూరంగా ఒక్క మాట కూడా అనలేదు. "రేపటి నుంచి వేరే బండి చూసుకుంటాం భాయ్, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. కరెంటు మధ్యలో ఆపకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారట. అతన్ని తప్పుపట్టడానికి లేదు. దూల్హాభాయ్ శనాదివారాలు గడువడిగారు. ఆ రెండు రోజులూ ఎలాగూ ఆసుపత్రి ప్రయాణం లేదు. సోమవారం పొద్దుటికి బండి నమ్మకంగా ఉంటే వస్తాను, లేకపోతే నేనే వేరే బండి మాట్లాడి పెడతాను అని చెప్పి, శుక్రవారం ఆవిడను ఇంట్లో దింపాక విజయవాడ ఆటోనగర్ దారి పట్టారు.

తడిగుడ్డ నాటి జబ్బే

అక్కడి ఉస్తాద్‌కు 55 ఏళ్ళుంటాయి. తండ్రి షెడ్డులో అంబాసిడర్ల కింద దూరి పని నేర్చుకున్నారు. ఇప్పుడు కొడుకు కూడా షెడ్డులోనే ఉన్నాడు. డిప్లొమా చదివాడు. రేకుల షెడ్డే గాని, గోడకు స్పానర్ల పక్కన ఒక చిన్న ఆసిలోస్కోపు వేలాడుతుంటుంది.

"ఇది కొత్త జబ్బు కాదు" అన్నారట ఉస్తాద్ మొదటే. వెనక ఎండాకాలంలో అంబాసిడర్లు రోడ్డు పక్కన నిలబడి ఉంటే, డ్రైవర్ బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయడం నడివయసు దాటిన వారంతా చూసే ఉంటారు. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై పంపు లాగలేకపోయేది. చల్లబడితే లాగేది. అలాగే డిస్ట్రిబ్యూటర్ దగ్గరుండే కండెన్సర్ కూడా వేడెక్కితే మొరాయించి, చల్లారితే బుద్ధిగా పనిచేసేది. అప్పట్లో అనుమానించాల్సిన చోట్లు నాలుగో ఐదో ఉండేవి. పాత మెకానిక్కులు చేత్తో తడిమి చెప్పేవారు.

ఇప్పటి ఇంజన్లో కార్బొరేటర్ లేదు. ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు నిప్పురవ్వ వేయాలో ఇ.సి.యు. అనే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దానికి స్వయంగా ఏమీ కనపడదు, వినపడదు. సెన్సర్లు తీగల మీదుగా పంపే కబుర్లే దానికి ఆధారం. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి, గాలి ఎంత వస్తోంది, డ్రైవర్ యాక్సిలరేటర్ ఎంత తొక్కాడు అనే సంగతులన్నీ అలా అందేవే. వీటన్నిటిలోకీ ముఖ్యమైనది క్రాంక్ సెన్సర్. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ళచక్రం పక్కన ఇది ఉంటుంది. ఒక్కో పన్ను దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. చాలా కార్లలో ఈ చక్రం 60 పళ్ళ లెక్కన చేసి, గుర్తు కోసం 2 పళ్ళు తీసేసి ఉంటుంది. ఆ ఖాళీని బట్టి పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్ తెలుసుకుంటుంది. ఈ కబురు ఆగిపోతే చాలా బళ్ళలో పెట్రోలు, నిప్పురవ్వ రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

కబురు రాకపోవడానికి సెన్సర్ చెడిపోవడం ఒక కారణం మాత్రమే. దాని తీగ, ఆ తీగ కప్లర్, కప్లర్‌లోని పిన్ను, కంప్యూటర్ వైపు కప్లర్, ఎర్త్ కూడా ఆ దారిలోనే ఉన్నాయి. మన షెడ్లలో ఎక్కువగా మారేది మాత్రం సెన్సరే. అది విడిగా దొరుకుతుంది, రెండు బోల్టులు తీస్తే ఊడివస్తుంది!

ముందు మాట, తర్వాత మీటరు

శుక్రవారం రాత్రి ఉస్తాద్ బానెట్ కూడా ఎత్తలేదట. టీ తెప్పించి, ఒక నోటుబుక్కు తీసి ప్రశ్నలు మొదలుపెట్టారు. వేడి మీద ఆగుతుందా, చల్లగా ఉన్నప్పుడా? గతుకుల్లోనా, సాఫు రోడ్డు మీదా? వానలో ఎప్పుడైనా ఆగిందా? ఎంతసేపటికి మళ్ళీ స్టార్టవుతుంది? ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది? ఇలా అడిగి అడిగి, "ఆగిన క్షణంలో ఆర్.పి.ఎం. ముల్లు ఏం చేసింది?" అన్నారు.

దూల్హాభాయ్ కాసేపు ఆలోచించి, "బండి ఇంకా ఉరుకుతూనే ఉంది ఉస్తాద్, ముల్లు మాత్రం టక్కున సున్నా మీద పడింది" అన్నారు.

ఇది చాలా విలువైన ఆనవాలు. గేరులో ఉన్న బండి ఉరుకుతుంటే చక్రాలు ఇంజన్ను తిప్పుతూనే ఉంటాయి. పెట్రోలు అందక ఆగితే, ఇంజను తిరిగినంతసేపూ ముల్లు కూడా మెల్లగా దిగాలి. ఇంజను తిరుగుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిందంటే, కంప్యూటర్‌కు క్రాంక్ కబురు తెగిందని గట్టిగా అనుమానించాలి. ఈ ఒక్క ప్రశ్న మొదటి షెడ్డులోనే అడిగి ఉంటే పెట్రోలు పంపు ఖర్చు తప్పేది.

ఆఖరి ప్రశ్న, "ఈ జబ్బు మొదలవడానికి ముందు బండికి ఏ పని చేయించారు?" అని. ఏమీ లేదన్నారు దూల్హాభాయ్. కాసేపటికి గుర్తొచ్చింది. మార్చిలో క్లచ్ ప్లేట్లు మార్పించారు. ఉస్తాద్ ఆ మాట రాసుకుని కింద గీత గీశారు. ఆ బండిలో క్రాంక్ సెన్సర్ ఉండేది గేరుబాక్సు మూతి దగ్గరే. క్లచ్ పని చేయాలంటే గేరుబాక్సు దించాలి. గేరుబాక్సు దించాలంటే ఆ తీగను పక్కకు తప్పించాలి.

శనివారం పొద్దున స్కానర్ పెట్టారు. మూడో షెడ్డులో కోడ్ చెరిపేసినా, ఆ తర్వాత బండి మళ్ళీ ఆగింది కనుక మళ్ళీ పడింది. పి 0339. క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో వచ్చిపోయే లోపం అని దానర్థం. గమనించండి, కోడ్ చెప్పేది సర్క్యూట్ అని. సెన్సర్ పోయిందని అది ఎక్కడా అనలేదు. ఫలానా వీధిలో గొడవ జరిగిందని చెప్పింది గాని, ఏ ఇంట్లోనో చెప్పలేదు. ఆ కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే చిన్న చిట్టా కూడా దొరికింది. లోపం నమోదైన క్షణంలో బండి వేగం 78, నీళ్ళ వేడి 96 డిగ్రీలు. దూల్హాభాయ్ చెప్పిందీ ఇదీ సరిపోయాయి.

చాలామంది మెకానిక్కులు మొదట చేసే పని బ్యాటరీ తీగ పీకడం, లేదా కోడ్ చెరిపేయడం. చాలా బళ్ళలో దాంతో ఈ చిట్టా కూడా పోతుంది. దొంగ వేలిముద్రలను మనమే తుడిచేసినట్టన్నమాట! ముందు కాగితం మీద రాసుకోవాలి, లేదా సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. చెరపడం ఆ తర్వాత.

బీప్ మాట నమ్మవద్దు

మూడో షెడ్డువాళ్ళు తీగను పరీక్షించకపోలేదు. మల్టీమీటర్ పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. బీప్ వచ్చింది. తీగ బాగుందని తేల్చేశారు. కాని అప్పుడు బండి చల్లగా ఉంది, కదలకుండా నిలబడి ఉంది. ఆ స్థితిలో అది రోడ్డు మీద కూడా ఎప్పుడూ ఆగలేదు కదా!

బీప్‌లో ఇంకో మోసం కూడా ఉంది. తీగలోని పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్ అంటుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు బహు స్వల్పం. పెట్రోలు పంపుకో, ఫ్యానుకో వెళ్ళే తీగైతే ఆ ఒక్క పోగు బరువు మోయలేదు. అలాంటి తీగకు ఒక బల్బు తగిలించి వెలుగు నిండుగా వస్తోందో లేదో చూడడం పాతకాలపు పద్ధతే గాని మీటరు బీప్ కన్నా నిజాయితీ గలది. ఇంజను కంప్యూటర్ తీగల జోలికి మాత్రం ఈ బల్బుతో వెళ్ళకూడదు. లోపలి భాగాలు కాలిపోగలవు.

ఉస్తాద్ కొడుకు ఆసిలోస్కోపు తగిలించాడు. కప్లర్ ముందు నుంచి పిన్నుల్లోకి సూదులు గుచ్చకుండా, వెనక వైపు నుంచి సన్నటి సూదితో తాకించాడు. తీగ తోలుకు చిల్లు పెట్టలేదు. ఇది ముఖ్యం. మల్టీమీటర్ లావు సూదులు కప్లర్‌లోకి దూరిస్తే లోపలి పిన్ను నోరు తెరుచుకుపోతుంది. ఆ తర్వాత అది అవతలి పిన్నును గట్టిగా పట్టుకోదు. పాత జబ్బు వెతకబోయి కొత్త జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది. తీగకు పెట్టిన చిల్లులోంచి రేపు వాన నీరు దిగి రాగి పచ్చబడుతుంది.

స్కానర్ ఉండగా ఈ స్కోపు ఎందుకనే సందేహం రావచ్చు. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు 50 చుట్లు. చుట్టుకు 58 పళ్ళ లెక్కన సెకనుకు 2,900 తరంగాలు వస్తాయి. సాధారణ స్కానర్ సెకనుకు కొన్నిసార్లు మాత్రమే చదువుతుంది. మధ్యలో కబురు కంటి రెప్పపాటు తెగితే దాని దృష్టికే రాదు. స్కోపు తెర మీద అది గీతలో గండిలా కనపడుతుంది.

చల్లగా ఉన్నప్పుడు తరంగాలు దువ్వెన పళ్ళలా వరుసగా కనపడ్డాయి. తీగను ఎక్కడ కదిపినా తేడా లేదు. ఉస్తాద్ తొందరపడలేదు. బండిని ఎండలోకి నెట్టించి, బానెట్ మూసి, ఎ.సి. వేసి 40 నిమిషాలు ఇంజను నడిపించారు. బానెట్ ఎత్తాక గేరుబాక్సు దగ్గర వేడిగాలి మిషన్‌తో కొంచెం కొంచెంగా కాపడం పెడుతూ, పొడుగాటి చెక్కపుల్లతో తీగను అంగుళం అంగుళం కదుపుతూ వచ్చారు. తిరిగే బెల్టుల దగ్గర చెయ్యి పెట్టకూడదు, అందుకే చెక్కపుల్ల. సెన్సర్ కప్లర్‌కు నాలుగు వేళ్ళ దూరంలో పుల్ల తగలగానే తెర మీద దువ్వెన విరిగింది. ఇంజను ఆగింది.

అక్కడితో సంబరపడలేదు. తడిగుడ్డ వేసి చల్లార్చారు. స్టార్టయింది. మళ్ళీ కాచారు, కదిపారు. ఆగింది. ఇలా మూడుసార్లు చెడగొట్టి, మూడుసార్లు బాగుచేశాక, "ఇక విప్పు" అన్నారు. తనంతట తాను వచ్చిపోయే జబ్బును మనం రమ్మంటే వచ్చేలా, పొమ్మంటే పోయేలా చేసుకోగలిగినప్పుడే దాన్ని పట్టుకున్నట్టు. అంతకు ముందు చేసేదంతా ఊహే అంటారాయన.

పైతొడుగు చీల్చి చూస్తే తీగ తోలు చెక్కుచెదరలేదు. రెండు వేళ్ళతో పట్టి లాగితే మాత్రం అక్కడ రబ్బరులా సాగింది. లోపల రాగి పూర్తిగా తెగిపోయి, తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. చల్లగా ఉంటే తాకుతాయి, వేడికి తోలు సాగితే ఎడమవుతాయి. ఎందుకు తెగిందంటే, మార్చిలో క్లచ్ పని చేసినవారు ఆ తీగను బిగించి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పును తిరిగి పెట్టలేదు. తీగ వేలాడుతూ ఇంజను అదురుకు రెండు నెలలపాటు ఊగీ ఊగీ తెగింది.

చెడిన ముక్క కోసేసి, అదే మందం తీగ అతికి, సోల్డరింగ్ చేసి, వేడికి బిగుసుకునే స్లీవ్ తొడిగి, పాత బండి నుంచి తీసిన క్లిప్పుతో బిగించారు. దూల్హాభాయ్ పాత సెన్సర్ పారేయకుండా డిక్కీలో ఉంచుకోవడం మంచిదైంది. దాన్ని చల్లగా ఒకసారి, కాచి ఒకసారి కొలిచారు. ఏ లోపమూ లేదు. కొత్తగా వేసిన నకిలీ సరుకు పీకేసి కంపెనీదే మళ్ళీ పెట్టారు. రెండు తీగల సెన్సర్ కాబట్టి ఓములు కొలిచారు. మూడు తీగలుండే హాల్ రకం సెన్సర్‌కు ఇలా ఓమ్ మీటర్ పెట్టకూడదు, దానికి స్కోపే గతి.

మిగతా అనుమానితులు

ప్రతి బండిలోనూ క్రాంక్ తీగే దోషి కాదు. నీళ్ళ వేడి చెప్పే సెన్సర్ సంగతి చూడండి. అది వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 2,500 ఓముల ప్రాంతంలో ఉండేది 80 డిగ్రీలకు 300 ఓముల ప్రాంతానికి దిగుతుంది. దాని తీగ ఊడిందంటే కంప్యూటర్‌కు అది అంతులేని చలిలా కనపడుతుంది. స్కానర్‌లో మైనస్ 40 అని పడుతుంది. గుంటూరు ఎండలో మైనస్ 40! బండి నల్లపొగ వదిలినా, పెట్రోలు తాగేసినా, ఫ్యాను ఆగకుండా తిరుగుతున్నా స్కానర్‌లో ఆ అంకెను నడుస్తున్న బండిలో గ్రాఫుగా చూడాలి. ఒక్కసారి కిందికి దూకి మళ్ళీ పైకొచ్చిందంటే కప్లర్ దగ్గరికి వెళ్ళవచ్చు. నీళ్ళు అంత త్వరగా చల్లబడి వేడెక్కవు కదా.

ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు పడితే మూడు నాలుగు సెన్సర్లు కొనవద్దు. చాలా సెన్సర్లకు కంప్యూటర్ ఒకే 5 వోల్టుల కరెంటు పంచుతుంది. వాటిలో ఏ ఒక్కటి షార్టయినా మిగతావన్నీ పడుకుంటాయి. ఒక్కో కప్లర్ ఊడదీస్తూ, ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగొచ్చాయో చూస్తే దొంగ దొరుకుతాడు.

ఎర్త్ సంగతి సరేసరి. ఇంజను నడుస్తూ, లైట్లు, ఎ.సి. అన్నీ వేసి ఉండగా, మీటరు ఒక సూది ఇంజను ఇనుము మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి వోల్టులు చూడాలి. 0.2 దాటితే ఆ ఎర్త్ తీగను విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించాలి. సెన్సర్ల ఎర్త్ ఇంకా సున్నితం, అక్కడ 0.1 దాటినా అనుమానించాల్సిందే. నిలబడిన బండిలో ఓములు కొలిస్తే ఇది బయటపడదు.

ఇక ఎలుకలు. పెళ్ళికో, ఊరికో వెళ్ళి పదిరోజులు బండి కదపకపోతే బానెట్ కింద కాపురం పెట్టేస్తాయి. నీళ్ళ ప్రెషర్‌తో ఇంజను కడిగించడం, అదనపు హారన్లు, లైట్లు, అలారాల కోసం కంపెనీ తీగల్ని గీకి, మెలేసి, టేపు చుట్టడం కూడా ఈ జబ్బుకు పుట్టిళ్ళే. గ్యాస్ కిట్ పెట్టించిన బళ్ళలో ఆ కిట్ అతుకుల దగ్గరే ముందు వెతకమంటారు ఉస్తాద్.

మనదేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు రెండో తరం ఓ.బి.డి. తప్పనిసరి అయింది. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే చిన్న పరికరం కొనుక్కుంటే సెల్‌ఫోన్‌లోనే కోడ్‌లు చదవవచ్చు. అయితే చెక్ ఇంజన్ లైటు వెలగలేదు కాబట్టి ఏమీ లేదనుకోవద్దు. చాలా లోపాలు సాధారణంగా వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. ఒక్కసారి కనిపించినవి పెండింగ్ కోడ్‌లుగా లోపల ఉంటాయి. వాటిని విడిగా చూడాలి.

ఇదంతా మన షెడ్ల వెనకబాటే అనుకునేవారికి ఒక సంగతి. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1983 నుంచి లక్షలాది బళ్ళలో ఇగ్నిషన్ మాడ్యూల్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెను తీసుకెళ్ళి, ఇంజను వేడి నేరుగా తగిలే డిస్ట్రిబ్యూటర్ మీద బిగించింది. వేడెక్కితే అది పనిచేయడం మానేసేది, బండి రోడ్డు మధ్యలో ఆగేది. చల్లబడితే మామూలే. వర్క్‌షాపుకు వచ్చేసరికి లోపం కనపడేది కాదు. చివరికి 2000 అక్టోబరులో కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి, ఆ రాష్ట్రంలోని 17 లక్షల దాకా బళ్ళను వెనక్కి పిలవాలని ఆదేశించారు. 2001లో కంపెనీ యజమానులతో రాజీకి వచ్చింది. అంత పెద్ద కంపెనీ బళ్ళలోనే ఇన్నేళ్ళు నలిగిన జబ్బు ఇది.

వెతికినందుకు కూలి

ఉస్తాద్ బిల్లు రూ. 2,620. అందులో తీగకు, స్లీవ్‌కు కలిపి 120. మిగతాది వెతికినందుకు. క్లిప్పుకు డబ్బు తీసుకోలేదు.

ఆ 2,500 చూసి దూల్హాభాయ్ ఒక్క క్షణం ఆగారట. ఆయనే నాతో చెప్పారు. "పంపుకు తొమ్మిది వేలు అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చాను. ఆయన ఒకటిన్నర రోజు వెతికినదానికి బేరమాడబోయాను" అని. నాకు తెలిసి ఈ జబ్బు ఇంతగా పెరగడానికి మనమూ కొంత కారణం. సామాను కళ్ళకు కనపడుతుంది, కాబట్టి ఎంతైనా ఇస్తాం. "రెండు గంటలు వెతికాను, 500 ఇవ్వండి" అంటే "ఏం చేశావని?" అంటాం. అలాంటప్పుడు ఏ మెకానిక్కు వెతుకుతాడు? సామానే మారుస్తాడు. ముందుగానే "వెతకడానికి ఇంత, దొరికాక బాగుచేయడానికి ఇంత" అని మాట్లాడుకుని, మార్చిన పాత సామాను వెనక్కి అడిగి తీసుకోవడం ఇద్దరికీ మర్యాద.

బండి నడుపుతుండగా ఇంజను ఆగితే ఏం చేయాలో ఇంట్లో నడిపేవారందరికీ చెప్పి ఉంచండి. తాళం పూర్తిగా వెనక్కి తిప్పి తీయకూడదు, స్టీరింగు లాక్ పడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది గాని తిరుగుతుంది. బ్రేకుకు ఒకటి రెండు తొక్కుళ్ళ వరకే మామూలు బలం ఉంటుంది, కాబట్టి పదేపదే తొక్కి వదలకుండా ఒక్కసారే గట్టిగా, నిదానంగా తొక్కి పట్టాలి. నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎడమ అంచుకు చేర్చి, అందరినీ దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. బండిలో కూర్చుని ఎదురుచూడవద్దు. జాతీయ రహదారి మీదైతే 1033కు, ప్రమాదమైతే 112కు ఫోన్ చేయవచ్చు.

ఆదివారం మధ్యాహ్నం ఉస్తాద్ కొడుకు స్కోపు ఒళ్ళో పెట్టుకుని హనుమాన్ జంక్షన్ దాకా బండిలో వెళ్ళొచ్చాడు. గీతలో గండి పడలేదు. సోమవారం పొద్దున 6 గంటలకు బండి పెద్దావిడ గుమ్మం ముందుంది. ఆవిడ కొడుకు మాత్రం ఆ వారమంతా వేరే డ్రైవర్ నంబరు జేబులో పెట్టుకునే వచ్చాడట. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఉస్తాద్‌ను చూసి వచ్చాక మా అక్కయ్య కూతురు కూడా కారు డ్యాష్‌బోర్డులో ఒక నోటుబుక్కు పెట్టింది. ప్రతి రోజూ తండ్రి చెబుతుంటే రాసేది. ఆ మధ్య చూశాను. ఐదో వారం శుక్రవారం పేజీలో ఇలా ఉంది: "ఎండ 43. ఎ.సి. వేశాం. చిలకలూరిపేటలో టీకి ఆగాం, వెంటనే స్టార్టయింది. ముల్లు కదల్లేదు. నానమ్మగారికి ఇవాళ్టితో కరెంటు అయిపోయింది, జామకాయలు ఇచ్చారు."